కాంట్రాక్ట్ తారీఖులు కూడ వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. ఇది 2026 జనవరిల రాస్తున్న.

మొన్న మీ లేఖల కాలమ్‌ల ఒక పెద్దాయన రాసింది చదివిన. మెస్సీ హైదరాబాద్ వచ్చి పోయిన కాడికెంచి వరంగల్ పోరగాళ్లకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందని, ఎక్కడో స్పెయిన్‌ల ఉన్న పిలగానికి పదో నంబర్ ఇయ్యొచ్చా ఇయ్యొద్దా అని చాయ్ హోటళ్ల కాడ గంటలు గంటలు కొట్లాడుకుంటున్నరని, గా టైం చదువుకు పెడితే ఇంటికొక గ్రూప్ వన్ ఆఫీసర్ తయారైతడని ఆయన బాధ. పెద్దమనిషి, మర్యాద ఇయ్యాలె, ఇస్తనే జవాబు రాస్తున్న.

నాది హనుమకొండల జెర్సీలు ప్రింట్ చేసే షాపు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, కాలేజీ ఫెస్టులు, ఇప్పుడైతే మేడారం జాతరకు పోయే దోస్తుల గుంపులు వాళ్ల బ్యాచ్ పేరుతోని టీషర్టులు, అన్నీ చేస్తం. క్రికెటోళ్లు వచ్చి 18, 45, 7 అని చెప్పి అడ్వాన్స్ ఇచ్చి పోతరు. ఫుట్‌బాలోళ్లు వస్తే పని ఐదు నిమిషాలు, పంచాది అరగంట. ఎవడు ఏ క్లబ్బుకు పోతడు, ఎవని కాంట్రాక్ట్ అయిపోతుంది, ఎవడు ఏ నంబర్ ఎందుకు తీస్కున్నడు, ఇదంత నా కౌంటర్ ముంగటనే నడుస్తది. కాబట్టి గీ ముచ్చట మీద మాట్లాడే హక్కు నాకు జర ఉన్నదనే అనుకుంటున్న.

పెద్దాయనకు ముందుగాల చెప్పాల్సింది ఏందంటే ఇది ఆఫ్ సీజన్, ఆట లేనప్పుడే ఆట గురించి ఎక్కువ మాట్లాడుకుంటరు, అది ఎక్కడైనా అంతే. పైగా మన దేశంల ఈసారి వచ్చినంత పొడుగు ఆఫ్ సీజన్ ఎవడూ చూసి ఉండడు. 2025 ఏప్రిల్ 12న కలకత్తల మోహన్ బగాన్ వాళ్లు బెంగళూరును 2-1తోని కొట్టి మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ కప్పు ఎత్తిర్రు, అంతే, ఆ తర్వాత లీగ్‌ల బంతి కదల్లే. దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కు, లీగ్ నడిపే కంపెనీకి మధ్యల ఉన్న ఒప్పందం డిసెంబర్ 8కి అయిపోతదని, కొత్తది కుదరలేదని, జూలైలనే కొత్త సీజన్ ఆపేసిర్రు. ఆగస్టుల బెంగళూరు క్లబ్బు ఆటగాళ్ల జీతాలు ఆపుతున్నమని బాజాప్తా ప్రకటన ఇచ్చింది. ఈ జనవరి మొదట్ల సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్, జింగన్ లాంటి పెద్ద ఆటగాళ్లే వీడియో పెట్టి మమ్మల్ని కాపాడండని ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాను అడుక్కున్నరు. తర్వాత కేంద్ర మంత్రి మాండవీయ గారు ఫిబ్రవరి 14 నుంచి 14 క్లబ్బులతోని 91 మ్యాచ్‌లని చెప్పిండు. పది నెలలు ఖాళీగ ఉన్న అభిమాని ఆ స్పెయిన్ పిలగాడు యమాల్ నంబర్ గురించి కాకపోతే ఇంక దేని గురించి మాట్లాడాలె చెప్పుండ్రి.

ఇగ ఆ యమాల్ ముచ్చటనే తీస్కుందాం. పోయిన జూలై 13న ఆ పిలగానికి 18 నిండినయి, అదే నెలల బార్సిలోనావాళ్లు 10 నంబర్ చేతుల పెట్టిర్రు, కాంట్రాక్ట్ 2031 దాక. అంతకు ముందు 19 ఏస్కునేటోడు. మెస్సీ కూడ గట్లనే, ముందు 30, తర్వాత 19, ఆ తర్వాతనే 10. మా దగ్గర దీని మీద రెండు పార్టీలున్నయి. ఒక పార్టీ ఏమంటదంటే మెస్సీ నంబర్ ముట్టుకోవద్దు, 2021ల అన్సు ఫాటికి ఇస్తే ఏమైంది, గాయాలతోని ఆ పిలగాడు నిలదొక్కుకోలే, మల్ల ఇంకో పిలగాని నెత్తి మీద గా బరువు ఎందుకు అని. ఇంకో పార్టీ, నంబర్ ఉన్నది ఏస్కోనీకే గాని దాసిపెట్టనీకి కాదు అంటది. నేనైతే రెండో పార్టీ, అందుల నా యాపారం కూడ ఉన్నదనుకోండి. మన క్రికెట్ బోర్డు సచిన్ 10, ధోని 7 పక్కకు పెట్టేసింది, కాని గల్లీ టీమ్‌ల ఎవడాపుతడు, టీమ్‌కు ముగ్గురు ధోనీలుంటరు.

అయితే ఒక నంబర్ కాడ మాత్రం రెండు పార్టీలు చప్పుడు చేయవు. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌ది 20. వాళ్ల ఆటగాడు డియోగో జోటా పోయిన జూలైల కారు ప్రమాదంల తమ్మునితో పాటు చనిపోతే క్లబ్బు ఆ నంబర్‌ను అన్ని స్థాయిల టీమ్‌లల్ల ఇంక ఎవరికీ ఇయ్యమని చెప్పింది. మా దగ్గరికొచ్చే కాజీపేట టీమ్‌ల ఒకడు అంతకు ముందు కెంచి 20 ఏస్కునేటోడు, ఈసారి జెర్సీలు మార్చినప్పుడు తనంత తానే వేరే నంబర్ చెప్పిండు. ఎవడూ అడగలే, ఎవడూ ఎందుకని కూడ అనలే. గీ పోరగాళ్లనేనా సార్ పెద్దాయన పనికిమాలినోళ్లని రాసింది?

అదే టీమ్‌ల ఈసారి 10 కోసం ఇద్దరు పట్టు పట్టిర్రు. ఒకడు ముందు ఆడేటోడు, ఇంకోడు నడుమ ఆడేటోడు. నడుమ ఆడేటోనిదే 10 అని వాడు మారడోనా కాడికెంచి మోడ్రిచ్ దాక చెప్పుకుంట పోయిండు, ముందు ఆడేటోడు ఎంబాపే పేరు తీసిండు, రియల్ మాడ్రిడ్‌కు వచ్చినప్పుడు 9 ఇచ్చిర్రు, మోడ్రిచ్ పోంగనే 10 తీస్కున్నడు కదా అన్నడు. ఇక్కడ నా గోస కూడ చెప్పాలె, ఎంబాపే 10 తీస్కున్న దెబ్బకు షాపుల ఉన్న వాని 9 నంబర్ స్టాకంత మూలకు పడ్డది. సరే, పంచాది తెగకపోతే చివరికి వాళ్ల కెప్టెన్ ముందు ఆడేటోనికి 28 రాయమన్నడు, రెండు ఎనిమిది కూడితే పది అయితది కదన్నా అని. నవ్వొచ్చింది గాని ఇది కొత్త తెలివి కాదు, ఇటలీల ఇంటర్ మిలాన్‌ల జమొరానో అనే చిలీ ఆటగాడు తన 9 రొనాల్డోకు ఇయ్యాల్సొస్తే, మన పాత రొనాల్డో, బ్రెజిల్ ఆయన, అప్పుడు 18 తీస్కొని ఒకటికి ఎనిమిదికి నడుమ చిన్న ప్లస్ గుర్తు పెట్టించుకున్నడు. నేను కెప్టెన్‌కు ఆ ప్లస్ గుర్తు కూడ ఫ్రీగ పెట్టిస్త అంటే పోరడు సిగ్గుపడ్డడు.

నంబర్ ఏసే పని చూస్తే అలకగనే కనపడ్తది. వినైల్ షీట్ మీద మెషిన్ అంకె కోసి ఇస్తది, చుట్టుపక్కల ఫాల్తు ముక్క మనమే సన్న మొన ఉన్న పుల్లతోని లేపి తీయాలె, 1 అయితే బాధ లేదు, 8కి లోపల రెండు బొక్కలుంటయి, ఆ బొక్కల ముక్క తీయుడు మర్చిపోతే అంకె గుడ్డిదైతది. తర్వాత హీట్ ప్రెస్ కింద నూటయాభై డిగ్రీల కాడ పది పదిహేను సెకండ్లు. బట్ట పాలిస్టర్, వేడి జర ఎక్కువైతే నంబర్ చుట్టు నిగనిగ మచ్చ పడ్తది, తక్కువైతే రెండో ఉతుకుకే అంచు లేస్తది. ఇంత చేసినంక ఎవడన్న వచ్చి అన్నా వాడు క్లబ్బు మారిండు పేరు తీసెయ్యి అంటే తీస్తం గాని, ఎంత తీసినా ఎండల నిలబడితే పాత అక్షరాల జాగ తెలుస్తనే ఉంటది. అందుకే ఇప్పుడు పోరగాళ్లు తెలివికొచ్చిర్రు. పేరు రాయించే ముందు ఫోన్ తీసి చూస్తరు, వాని కాంట్రాక్ట్ ఎప్పటిదాక ఉన్నది అని. 2031 అంటే రాయమంటరు, వచ్చే జూన్ అంటే వద్దంటరు.

నేను చెప్పేదే గిది సార్. గా తారీఖు మీద ఉన్న శ్రద్ధ మన పేపర్ల స్పోర్ట్స్ పేజీకి ఉంటే మనకు మస్తు సంగతులు ముందే తెలుస్తుండె.

యూరప్‌ల జనవరి అంటే ఏందో మా పోరగాళ్లకు నోటికొచ్చు. జూన్‌తోని కాంట్రాక్ట్ అయిపోయేటోడు ఆరు నెలల ముంగటకెంచే బయటి క్లబ్బుతోని మాట్లాడుకోని సంతకం పెట్టొచ్చు, గడువు అయిపోయినంక పాత క్లబ్బుకు పైస ఇయ్యకుండ పోవొచ్చు. 1995 డిసెంబర్ 15న బోస్మన్ అనే బెల్జియం ఆటగాని కేసుల యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పుతోనే గడువు తీరినోడు ఊరికే పోయే రోజులొచ్చినయి. పోయిన సీజన్ లివర్‌పూల్‌ల ఒకేసారి ముగ్గురివి అయిపోవచ్చినయి, సలా, వాన్ డైక్, అలెగ్జాండర్ ఆర్నాల్డ్. ఏడాదంత గదే పంచాది. ఆఖరికి ఏప్రిల్‌ల సలా, వాన్ డైక్ 2027 దాక సంతకం పెట్టిర్రు, మూడోవాడు చిన్నప్పటి క్లబ్బును ఇడిసి మాడ్రిడ్ పోయిండు, వాని నంబర్ 66 పోయి 12 అయింది. నా షాపుల ఇంటర్ తప్పినోడు గూడ దీన్ని తేదీలతో సహా అప్పజెప్తడు. తప్పు ఏముంది, లెక్కలు ఎక్కడ నేర్సుకున్నా లెక్కలే.

కాని అదే పోరన్ని హైదరాబాద్ టీమ్ ఎట్ల కూలింది రా అంటే, ఓనర్లు ముంచిర్రన్నా, అంటడు, అంతే. తారీఖులు లేవు, పేర్లు లేవు. ఎందుకంటే మనం ఎక్కడా ఒక్కకాడ చదవలే.

పెద్దాయన కోసం పొడిపొడిగ చెప్త. పుణె క్లబ్బు మూతపడితే దాని జాగల 2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్ రెండే గెలుపులు, అందరికంటే కింద. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చిండు, కుర్ర ఆటగాళ్లను పట్టుకోని కట్టుకుంట వచ్చిండు, ఎడమ దిక్కు ఆకాష్ మిశ్రా, కుడి దిక్కు ఆశిష్ రాయ్, ముందు ఒగ్బెచే. 2022 మార్చి 20 రాత్రి గోవల ఫైనల్, కేరళ ముందు గోల్ కొట్టింది, 88వ నిమిషంల సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తోని సమం అయింది, పెనాల్టీలల్ల మన గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపిండు. కప్పు మనది. ఆ సీజన్ ఒగ్బెచే 18 గోల్స్. తమాష ఏందంటే కరోనా వల్ల మ్యాచ్‌లన్నీ గోవలనే, కప్పు గెలిచిన టీమ్ ఆ ఏడాది సొంత ఊర్ల ఒక్క మ్యాచ్ ఆడలే. అప్పుడు మా షాపుల పసుపు జెర్సీల ఆర్డర్లు చూడాలె మీరు, కప్పు ఎత్తిన వారం రంగు బట్ట దొరకక తిరుపూర్ ఫోన్లు చేసినం.

గెలిచిన ఆ ఎండాకాలమే ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు పోయిండు. 2022-23ల 42 పాయింట్లతోని రెండో ప్లేస్, సెమీస్‌ల పెనాల్టీలల్ల పోయినం, సరే. 2023 ఎండాకాలంల మనోలో గోవ పోయిండు, మిశ్రా ముంబై పోయిండు, ఒగ్బెచే పోయిండు. అభిమానులు, పోనీ కొత్తోళ్లు వస్తరు, అన్నరు. కొత్తోళ్లు ఎట్లొస్తరు, పాతోళ్ల బాకీలు కట్టకపోతే కొత్త ఆటగాళ్లను రాయించుకోనియ్యకుండ ఫిఫా ఆపేసింది. ఇగ ఉన్నోళ్లకు జీతాలు అందలే. ఫిఫా రూల్‌ల ఒకటున్నది, రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగ నోటీస్ ఇచ్చి పదిహేను రోజుల గడువు పెట్టొచ్చు, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్ట్ తెంపుకోని పోవొచ్చు. ఆ సీజన్ నడుమల విదేశీ ఆటగాళ్లు వరసబెట్టి ఎల్లిపోయిర్రు, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా లాంటోళ్లు బెంగళూరు చేరిర్రు. మిగిలిన చిన్న పిలగాండ్లతోని సీజన్ ఎల్లదీసిర్రు, మొత్తం 22 మ్యాచ్‌లల్ల ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. రెండేండ్ల కింద కప్పెత్తిన టీమ్ అది.

2024ల జిందాల్ గ్రూప్ తీస్కుంది, ఆ సీజన్ కూడ 13ల 12వ ప్లేస్. 2025 అక్టోబర్‌ల టీమ్ ఢిల్లీ పోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీ పోయినట్టు మా షాపుకొచ్చే సగం మందికి మెస్సీ వచ్చినప్పుడు గాని తెల్వలే, అదే అన్నిటికన్న సిగ్గుచేటు.

కౌలు గడువు దగ్గరపడ్డప్పుడు, మల్ల రాయించుకునే ఆలోచన లేనప్పుడు, ఎవడన్న చేన్ల ఎరువు పోస్తడా? 2022 ఎండాకాలం కెంచి ఆ క్లబ్బు కాంట్రాక్టులు చూస్తే గదే కనపడ్తది, మంచోళ్లు ఒక్కొక్కరు పోవుడు, కోచ్ పోవుడు, ఫిఫా తాళం. ఏ నెలల ఏమైందో ఒక వరసల పేపర్ల వచ్చి ఉంటే 2023 దసరాకే అందరికి అర్థమవుతుండె. జనం గట్టిగ అడిగితే టీమ్ ఆగుతుండెనా అంటే ఆగుతుండెనని నేను చెప్పను, కాని చప్పుడు లేకుండ పోకపోతుండె.

మెస్సీ ముచ్చట వచ్చింది కాబట్టి. డిసెంబర్ 13న ఉప్పల్‌ల జరిగింది, సువారెజ్, డి పాల్ కూడ వచ్చిర్రు, మన సీఎం రేవంత్ రెడ్డి గారు 9 నంబర్ జెర్సీ ఏస్కోని దిగిండు, టీమ్ పేరు సింగరేణి ఆర్ఆర్ 9. దాని మీద జరిగిన రాజకీయం నాకొద్దు. నాకు నచ్చింది ఏందంటే ఆ వారం భూపాలపల్లి కెంచి, గోదావరిఖని కెంచి ఫోన్లు చేసి అన్నా సింగరేణి అని ముందట ఉండాలె, వెనక 9 ఉండాలె అని అడిగిర్రు. మెస్సీ 10 కంటే అదే ఎక్కువ పోయింది అంటే నమ్ముతరా? మన పేరు ముందట కనపడితే మనోళ్లకు ఎంత ఆశనో అందుల తెలుస్తది. ఒక సాయంత్రం తమాషకే గంత ఉంటే నిజం టీమ్‌కు ఎంత ఉండాలె.

ఇప్పుడు ఫిబ్రవరి 14కి ఎవరిని సపోర్ట్ చేయాలె అనేది కొత్త లొల్లి. కొందరు ఢిల్లీ టీమ్‌నే చేద్దాం, వేర్లు మనయే కదా అంటరు. నాకైతే దానికి మనసొప్పదు, పైసలిస్తే ఢిల్లీ అని ప్రింట్ చేస్త, గది వేరే సంగతి. కొందరు మన హైదరాబాద్‌దే ఇంకో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ అంటరు. మంచి మాటనే, ఐఎస్ఎల్ కింది మెట్టు అయిన ఐ లీగ్‌ల 2022-23ల, 2023-24ల రెండుసార్లు వరసగ రెండో ప్లేస్ వచ్చిన టీమ్ అది, కాని మొదటోడికే పై లీగ్ టికెట్, ఒకసారి పంజాబ్, ఒకసారి మహమ్మదన్ తన్నుకపోయినయి. ఇక ఐఎస్ఎల్‌ల ఈసారి ఒకరితోని ఒకరు ఒక్కటే మ్యాచ్ కాబట్టి నా అంచనా చెప్పాల్నంటే, ఈ పది నెలలల్ల ఎవరు ఆటగాళ్లను చెదరకుండ ఉంచుకున్నరో వాళ్లే పైన ఉంటరు, కొత్తగ విదేశీ పేర్లు తెచ్చుకున్నోళ్లకు కుదురుకునే టైమే ఉండది. మోహన్ బగాన్‌ను తక్కువ చేయొద్దు. జీతాలు తగ్గించుకోమని ఆటగాళ్లను అడుగుతున్న క్లబ్బుల మీద నేను రూపాయి కూడ పెట్టను, పందెం నేనెట్లా కాయననుకోండి.

వరంగలోళ్లకు హైదరాబాద్ టీమ్ ఎట్ల సొంతం అయితది అని కూడ అడుగుతరు. కాజీపేటల రైలెక్కితే రెండు గంటల్ల సికింద్రాబాద్, అక్కడికెంచి గచ్చిబౌలి పోవుడు ఇంకో యాత్ర, ఏడున్నర మ్యాచ్ అయితే ఇల్లు చేరేటాలకు పాలపాకెట్లు వచ్చే టైం అయితది. అయినా పోయినోళ్లున్నరు. స్టేడియంల సగం కుర్చీలు ఖాళీ, ఉన్నోళ్లల్ల కేరళోళ్లే ఎక్కువ అని తిట్టుకుంట వచ్చేటోళ్లు, మల్ల మ్యాచ్‌కు మల్ల పోయేటోళ్లు.

టీమ్‌ల మనోడు లేడు అని ఇంకో మాట అంటరు చూడండి, అది నిజంగ బాధపడాల్సిన మాట. 1950 కెంచి 1954 దాక హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ బొంబాయిల రోవర్స్ కప్పు వరసగ ఐదుసార్లు కొట్టింది. ఆ టీమ్‌ను తయారుచేసిన రహీమ్ సాబ్ చేతుల కెంచే మన దేశానికి 1956 ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలల్ల బంగారు పతకం వచ్చినయి. అప్పుడూ మన దగ్గర మంచిగ ఆడినోడు కలకత్త రైలెక్కుడే, తులసీదాస్ బలరాం, నయీముద్దీన్, హబీబ్, అందరూ గంతే. హబీబ్ 1977ల మోహన్ బగాన్ తరఫున పెలే టీమ్ మీద ఆడిండు, పుట్టింది హైదరాబాద్, చప్పట్లు కలకత్తయి. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతున్నది. 2022ల క్రొయేషియా పోయి డినామో జాగ్రెబ్‌కు కూడ ఆడొచ్చింది. 2024-25కు దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే, ఆ సీజన్ జాతీయ లీగ్ కప్పు వాళ్ల టీమ్‌దే. మన మగ టీమ్ సింగపూర్ మీద ఓడి 2027 ఆసియా కప్పుకు పోకుండ అయింది, తర్వాత బంగ్లాదేశ్ మీద కూడ ఓడింది, ఆడపిల్లలేమో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదనే 2-1తోని ఓడగొట్టి ఈ మార్చిల ఆస్ట్రేలియాల జరిగే ఆసియా కప్పుకు పోతున్నరు.

మొన్న మహబూబాబాద్ దిక్కు కెంచి ఒక గురుకులం ఆడపిల్లల టీమ్ జెర్సీలకు వచ్చింది, తోలుకొచ్చిన పీఈటీ మేడం అందరికి వాళ్ల పేర్లే రాయమన్నది, ఒక చిన్నపిల్ల మాత్రం కౌంటర్ మీదికి వంగి, సార్ నాకు సౌమ్య అని రాయండి, అన్నది. నీ పేరు సౌమ్యనా బిడ్డా అంటే కాదన్నది. మేడం వద్దనలే. ఇన్నేండ్ల నుంచి మెస్సీ, రొనాల్డో, నెయ్‌మార్ రాసి రాసి కీబోర్డు అక్షరాలు అరిగినయి గాని మన జిల్లాల పిల్ల పేరు ఇంకొకరి వీపు మీద రాయుడు గదే మొదలు.

కాబట్టి నా విన్నపం గింతే. ఐపీఎల్ వేలం అప్పుడు ఎవని రేటెంత, ఎవన్ని ఉంచుకున్నరు, ఎవన్ని ఇడిసిర్రు అని మీరు రెండు పేజీలు ఏస్తరు, మంచిదే, మేమూ చదువుతం. ఫుట్‌బాల్‌కు ఆదివారం పావు పేజీ చాలు. తెలంగాణ, ఆంధ్రల పుట్టి బయట క్లబ్బులల్ల ఆడేటోళ్లు, ఆడోళ్లు మగోళ్లు, ఎవరు ఏ ఊరు, ఏ క్లబ్బు, కాంట్రాక్ట్ ఏ నెల దాక, జీతాలు సక్కగ అందుతున్నయా. మన దగ్గర చాన కాంట్రాక్టులు మే 31తోని అయిపోతయి, అంటే ఇప్పుడే, ఈ జనవరి ఫిబ్రవరిలనే అడగాల్సిన టైం. పుకార్లు ఏస్తే పుకారని రాసి వేరే డబ్బాల వెయ్యండి, అయిపోయిన సంతకంతోని కలపొద్దు, దానితోని మా కౌంటర్ కాడ కొట్లాటలు ఇంకింత పెరుగుతున్నయి. రాష్ట్రంల కొత్త టీమ్ పెడ్తమని ఎవరన్న పెద్దోళ్లు ప్రకటన ఇచ్చినప్పుడు ఫోటో ఒక్కటే ఏసి ఊకోకండి, ఎన్నేండ్లకు రాసుకున్నరు, ఆటగాళ్ల జీతాలకు గ్యారంటీ ఎవరిది అని ఒక ప్రశ్న అడగమని మీ రిపోర్టర్లకు చెప్పండి. ఇంకొకటి, చిన్నదే గాని అడగక తప్పదు, ఎంబాపే వార్త వచ్చినప్పుడల్ల మీ పేజీల పాత 9 నంబర్ ఫోటోనే పడ్తున్నది, అది పట్టుకొచ్చి పేపర్లనే గిట్ల ఉంటే నువ్వు 10 ఎందుకు ఏసినవ్ అని నన్ను అడిగేటోళ్లున్నరు.

పెద్దాయనకు నా తరఫున నమస్కారం చెప్పుండ్రి. ఒకరోజు షాపు దిక్కు వస్తే చాయ్ తాగించి, పోరగాళ్ల నడుమ కూసోబెడ్త, ఆయన రోజులల్ల రహీమ్ సాబ్ టీమ్‌ను చూసిన ముచ్చట్లు ఏమన్న ఉంటే వాళ్లే నోరు మూసుకోని వింటరు.

ఆ పావు పేజీ మాత్రం ఫిబ్రవరి 14కు ముందే మొదలుపెడితే బాగుంటది సార్, ఒకసారి మ్యాచ్‌లు షురూ అయినయంటే కాంట్రాక్ట్ ముచ్చట ఎవడూ ఎత్తడు, అందరు రెఫరీని తిట్టుట్లనే పడ్తరు.

ఇట్లు,
జెర్సీ ప్రింటింగ్ షాపాయన,
హనుమకొండ